బందరు ఉప్పు: పన్ను నుంచి అయొడిన్ దాకా

ఉప్పు గురించి మన రచయితలు ఎప్పుడు కలం పట్టినా 1930 దగ్గర మొదలుపెట్టి 1930 దగ్గరే ఆపేస్తారు. గాంధీ దండి నడక, ఊరూరా సముద్రపు నీళ్ళు కాచడం, లాఠీలు, జైళ్ళు. అంతటితో ఉప్పు చరిత్ర పూర్తయినట్టు, ఆ తర్వాత అది వంటింటి డబ్బాలోకి వెళ్ళి కూర్చున్నట్టు రాస్తాం. ఈ వ్యాసకర్త కూడా ఆ తప్పు చేసినవాడే. కాని ఉప్పు మీద రాజ్యం వేసిన చెయ్యి 1947తో పూర్తిగా తొలగిపోలేదు. యాభై ఏళ్ళ తర్వాత మందు రూపంలో మళ్ళీ వచ్చింది.

బందరులోగాని, గుడివాడలోగాని, అవనిగడ్డలోగాని ఇవాళ కిరాణాకొట్లో ఉప్పు పొట్లం కొంటే దానిమీద అయొడిన్ కలిపినదని రాసి ఉంటుంది. కలపని ఉప్పును తిండికని అమ్మడం నేరం. అదే ఊళ్ళలో తెల్లారగానే పరగడుపున ఒక చిన్నమాత్ర మింగి, కాసేపు ఆగి కాఫీ తాగే ఆడవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అది థైరాయిడ్ మాత్ర. ఈ పొట్లానికీ ఆ మాత్రకూ సంబంధం ఉందా అన్న ప్రశ్న డాక్టర్ల గదులు దాటి పెళ్ళిపందిళ్ళలో కూడా వినిపిస్తోంది. ఉప్పులో విషం కలిపి మనచేత తినిపిస్తున్నారనేవారు ఉన్నారు. అదంతా మూఢత్వమని నవ్వేసేవారూ ఉన్నారు. ఇద్దరూ తొందరపడుతున్నారని నా అభిప్రాయం. ఆహారంలో కలిపే వస్తువులకూ, శరీరరక్షణ వ్యవస్థ తన అవయవాన్నే పరాయిదనుకుని దాడిచేసే ఆటోఇమ్యూన్ వ్యాధులకూ గల సంబంధం గురించి ఇప్పుడు ఎన్నో మాటలు పుడుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాయి. మనుషుల్లో, సంవత్సరాల తరబడి, దేశాలకు దేశాలే కొలిచి చూసిన సంబంధాల్లో ముందు వరసలో నిలిచేది అయొడిన్. కాబట్టి మాట్లాడదలచుకుంటే దాన్నుంచే మొదలుపెట్టాలి. దానికి కృష్ణా ముఖద్వారం కంటే మంచి చోటు లేదు.

కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉప్పు పుట్టడానికి పెద్ద విద్య అక్కర్లేదు. పోటుకు ఎక్కిన నీళ్ళు పర్రల్లో నిలిచి, వేసవిలో ఎండి తెల్లటి పొర కడతాయి. మడులు కట్టి, నీళ్ళు పెట్టి, ఎండకు వదిలి, పలకతో లాగి కుప్పవేస్తే అదే ఉప్పు కొఠారు. మంగినపూడి వైపుగాని, దివిసీమ చివరి లంకల వైపుగాని వెళ్ళినవారికి ఇది చెప్పనవసరం లేదు. ఇంత తేలికగా దొరికేదాన్ని ఖరీదైన వస్తువుగా మార్చాలంటే రాజ్యం కావాలి. ఈస్టిండియా కంపెనీ ఆ పని 1805లో చేసింది. మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. ఉప్పు పండించేవాడు కంపెనీకే, కంపెనీ చెప్పిన రేటుకే ఇవ్వాలి. కంపెనీ దాన్ని ఎన్నో రెట్లకు అమ్ముకుంటుంది. పర్రలో దానంతటది పేరుకున్న ఉప్పును పల్లెవాడు గుప్పెడు ఏరుకున్నా నేరమే. అలా పేరుకున్న ఉప్పును కాళ్ళతో తొక్కి మట్టిలో కలపడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు. ఉన్న ఉప్పును పాడుచెయ్యడం ఉద్యోగం, ఉన్న ఉప్పును తినడం నేరం. వలసపాలన గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత తేటగా అర్థం కాదు.

1882 తర్వాత గుత్తాధిపత్యం సడలి ఎక్సైజు పద్ధతి వచ్చింది. పన్ను మాత్రం పోలేదు. 1923లో మణుగుకు రెండున్నర రూపాయలకు పెంచి, గోల పెరిగాక మరుసటేడు రూపాయి పావలాకు దించారు. 1930లో గాంధీ కాలినడకన బయలుదేరినప్పుడు ఉన్నది ఆ రూపాయి పావలాయే. ఆ వేసవిలో బందరు ఏం చేసిందో జిల్లాలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. భోగరాజు పట్టాభిసీతారామయ్య ఉప్పు చట్టం ఉల్లంఘించి జైలుకు వెళ్ళారు. కోనేరు సెంటరులో జెండా ఎగరవెయ్యబోయిన తోట నరసయ్య నాయుడు లాఠీ దెబ్బలకు స్పృహ తప్పేవరకూ జెండా వదలలేదు. 1931 మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒడంబడికలో తీరగ్రామాల వారికి ఒక వెసులుబాటు దొరికింది. తమ అవసరానికి ఉప్పు చేసుకోవచ్చు, ఊళ్ళో అమ్ముకోవచ్చు, ఊరు దాటించకూడదు. 1947 ఏప్రిల్ 1 నుంచి పన్నే పోయింది.

ఇక్కడ మనం చేసిన పొరపాటు ఒకటి ఉంది. ఉప్పు పన్ను మీద పోరాటాన్ని మనం ఎంత గొప్పగా రాశామంటే, ఉప్పు మడిలో నిలబడ్డ మనిషి అందులో కనిపించకుండా పోయాడు. సత్యాగ్రహి ఒకరోజు గుప్పెడు ఉప్పు కాచాడు. కొఠారు కూలీ ఆ రోజుకు ముందూ తర్వాతా పాదాలు పగిలి, కళ్ళు మండి, వర్షం ముందే రెండు నెలలు వస్తే ఆ ఏటి కూలి కోల్పోయి బతికాడు. మన కథల్లో అతను అరుదు. నేతపనివాణ్ణి, రైతుకూలీని, బీడీకార్మికురాలిని గుర్తించిన సాహిత్యం ఉప్పు కూలీ దగ్గర ఎందుకు తడబడిందో మనం వేసుకోవలసిన ప్రశ్న. ఇతను కనిపించకపోవడం వల్లనే ముందు చెప్పబోయే మార్పు మన కళ్ళముందే జరిగినా మనకు అది సాహిత్య విషయంగా తోచలేదు.

ఈ తీరానికి ఉప్పు మరో ముఖం కూడా తెలుసు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చి, పట్నమూ చుట్టుపక్కల పల్లెలూ కలిసి ముప్పై వేల మందిదాకా పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ఊడ్చేసింది. "ఉప్పెన" అనే మాటలోనే ఉప్పు ఉందని ఆ రోజుల్లో ఎవరో అంటే నవ్వు రాలేదు. శవాలు తీశాక మిగిలినవి చౌడుదేరిన పొలాలు. ఉప్పు ఇక్కడివారికి జీవనమూ, భయమూ.

ఇంతవరకూ తీరం కథ. ఇప్పుడు కొండలకు వెళ్ళాలి. ఎందుకంటే ఉప్పులో అయొడిన్ ఎందుకు పడిందన్నదానికి జవాబు సముద్రం దగ్గర లేదు.

మెడముందు గ్రంథి ఉబ్బి వేలాడే గాయిటర్ హిమాలయ లోయల్లో తరతరాలుగా ఉంది. అది మెడ వాపుతో ఆగితే ఇంత చర్చ ఉండేది కాదు. తల్లికి అయొడిన్ చాలకపోతే కడుపులో బిడ్డ మెదడు ఎదగదు. చెవుడు, మూగతనం, మందబుద్ధి, పొట్టితనం వస్తాయి. ఊళ్ళకు ఊళ్ళే అలా ఉన్న ప్రాంతాలున్నాయి. ఈ రోగానికి ఉప్పులో చిటికెడు అయొడిన్ చాలునని స్విట్జర్లాండులో 1922లో, అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో 1924లో తేలింది. మన దేశంలో దాన్ని శాస్త్రీయంగా నిరూపించినవారిలో ముఖ్యుడు తెలుగువాడు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. 1950ల మధ్యలో హిమాచల్ కాంగ్రా లోయలో ఆయనా, సహచరులూ సుమారు లక్షమంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్ళకు అయొడిన్ తిన్న రెండు చోట్లా గాయిటర్ దాదాపు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. తర్వాత వారికీ అయొడిన్ ఉప్పు ఇచ్చారు. ఆ మూడో భాగంలో ఆ కొన్నేళ్ళలో పుట్టిన పిల్లల సంగతేమిటని అడగవచ్చు. అడగాలి కూడా. ఐనా ఈ పరిశోధన వల్ల దేశంలో ఎన్ని లక్షలమంది పిల్లల బుద్ధి నిలబడిందో ఒప్పుకోకుండా అడగడం న్యాయం కాదు.

1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. గాయిటర్ ఉన్న ప్రాంతాలకే అయొడిన్ ఉప్పు పంపాలన్నది అప్పటి ఆలోచన. 1980ల తొలినాళ్ళలో ఆ ఆలోచన మారింది. హిమాలయాలు కాని చోట్ల కూడా లోపం ఉందని సర్వేలు చూపాయి. ఎక్కడ ఉంది ఎక్కడ లేదు అని ఊరూరా వెతికే బదులు దేశమంతటికీ ఒకే ఉప్పు పెడదామని ప్రభుత్వం నిర్ణయించింది. అయొడిన్ ఉప్పు తయారీని ప్రైవేటు రంగానికి తెరిచారు. 1983లో టాటా సాల్ట్ పొట్లం బజారులోకి వచ్చింది. గుజరాత్‌లో మిఠాపూరు సోడా బూడిద కర్మాగారం పక్కన పుట్టిన ఉప్పు అది. పొడిగా, సన్నగా, మల్లెపువ్వులా ఉండే ఆ ఉప్పును చూసి, బందరు కళ్ళుప్పు మురికిదన్న భావం మధ్యతరగతికి వచ్చింది. చట్టం రాకముందే ఈ పని సగం జరిగిపోయింది.

దీనికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి కంపెనీలను మాత్రమే తిట్టడం మన పాఠకులకు న్యాయం చెయ్యడం కాదు. వేడి, తేమ ఉన్న దేశాల్లో అయొడైడు త్వరగా ఎగిరిపోతుంది. అందుకని పొటాషియం అయొడేటు కలుపుతారు. అది కొంత మేలు. ఐనా తడిగా, గోనెసంచుల్లో, వర్షానికి చెమర్చే కళ్ళుప్పులో అది నిలవదు, సమంగా కలవదు. కడిగి, ఆరబెట్టి, పొడిచేసి, ప్లాస్టిక్ సంచిలో మూసిన ఉప్పులోనే నిలుస్తుంది. అంటే అయొడిన్ కావాలంటే యంత్రం కావాలి, యంత్రం కావాలంటే పెట్టుబడి కావాలి. అయిదెకరాల కొఠారువాడి దగ్గర అది ఉండదు. దేశపు ఉప్పులో మూడొంతులకు పైగా గుజరాత్‌లో తయారవుతుంది. అక్కడి లక్షల టన్నుల ముందు మన తీరపు కొఠార్లు ఎంత? 1997 చివర ఆహార కల్తీ నిరోధక నిబంధనల్లో చేర్చి, 1998 మే నుంచి అయొడిన్ లేని ఉప్పును తిండికి అమ్మకుండా దేశమంతటా నిషేధించారు. అదే దశాబ్దంలో ఈ తీరాన రొయ్యల చెరువులు పెరిగాయి. మడికంటే చెరువుకే లాభమని లెక్క తేలాక ఉప్పు కూలీ మరో పని వెతుక్కోవలసి వచ్చింది. ఇదంతా అయొడిన్ వల్లనే అనడం అబద్ధం. అయొడిన్ వల్ల ఏమీ కాలేదనడమూ అబద్ధమే.

చట్టం చెప్పే కొలత ఇది. కర్మాగారం దగ్గర కిలో ఉప్పులో 30 మిల్లీగ్రాముల అయొడిన్, తినేవాడి చేతికి చేరేటప్పటికి కనీసం 15. రోజుకు పది గ్రాముల ఉప్పు తినే మనిషికి ఆ 15 లెక్కన 150 మైక్రోగ్రాములు అందుతుంది. పెద్దవారికి కావలసింది సరిగ్గా అంతే. పొట్లం తాజాగా ఉండి 30కి 30 మిగిలిందనుకోండి, ఆ మనిషికే 300 అందుతుంది. ఇందులో భయపడవలసిందేమీ లేదని చాలాకాలం అనుకున్నారు. అక్కరలేనిది మూత్రంలో పోతుంది కదా అన్నారు. చాలావరకు పోతుంది కూడా.

1912లో జపానులో ఫుకుఓకాకు చెందిన హకారు హషిమొతో అనే యువ శస్త్రవైద్యుడు నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథులను సూక్ష్మదర్శినిలో చూసి, అవి తెల్లకణాలతో నిండిపోయి ఉన్నాయని జర్మన్ భాషలో ఒక వ్యాసం ప్రచురించాడు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1956లో లండనులో రాయిట్, డోనియక్, వారి సహచరులు, అదే కాలంలో అమెరికాలో రోజ్, విటెబ్స్కీ ఆ తెల్లకణాలు అక్కడికి ఎందుకు చేరాయో చెప్పారు. శరీరం తన థైరాయిడ్ గ్రంథికి విరుద్ధంగా తానే ప్రతిదేహాలు తయారుచేసుకుంటోంది. ఆటోఇమ్యూన్ వ్యాధి అనే భావన వైద్యశాస్త్రంలో గట్టిగా నిలదొక్కుకున్నది ఈ గ్రంథి మీదనే. గ్రంథిలో అయొడిన్‌ను పట్టి ఉంచే ప్రొటీను ఒకటుంది. దానికి అయొడిన్ ఎక్కువ పట్టేకొద్దీ రక్షణ వ్యవస్థ కంటికి అది మరింత పరాయిదిగా కనిపిస్తుందని జంతువులమీద ప్రయోగాల్లో తేలింది. అందరికీ అలా జరగదు. వంశంలో ఆ లక్షణం ఉన్నవారికి, ముఖ్యంగా స్త్రీలకు జరుగుతుంది.

ఎలుకల సంగతి సరే, మనుషుల్లో ఏం జరిగింది? చైనా దేశమంతటా ఉప్పుకు అయొడిన్ కలిపాక, అక్కడి పరిశోధకులు మూడు ప్రాంతాలను ఎంచుకున్నారు. పాన్షాన్‌లో అయొడిన్ కొంచెం తక్కువ. జాంగ్‌వూలో అవసరానికి మించి ఉంది. హువాంగ్‌హువాలో నీళ్ళలోనే మరీ ఎక్కువ. అయిదేళ్ళు గమనించారు. ఆ అయిదేళ్ళలో ఆటోఇమ్యూన్ థైరాయిడ్ వ్యాధి కొత్తగా వచ్చినవారు మొదటిచోట వందకు 0.2, రెండోచోట 1.0, మూడోచోట 1.3. 2006లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తేడా అయిదారు రెట్లని ఒక పక్క చెప్పవచ్చు. నూటికి ఒకరేనని మరోపక్క చెప్పవచ్చు. రెండూ నిజమే. ఏది చెప్పాలన్నది చెప్పేవాడి ఉద్దేశాన్నిబట్టి ఉంటుంది. సంఖ్యలకు పక్షపాతం ఉండదంటారు గాని, సంఖ్యల్ని ఎత్తిచూపే వేలికి ఉంటుంది.

డెన్మార్కు చేసిన పని ఇంకా గమనించదగ్గది. 1998లో తయారీదారుల ఇష్టానికి వదిలి ఉప్పుకు అయొడిన్ కలపడం మొదలుపెట్టి, 2000లో తప్పనిసరి చేశారు. కిలోకు 13 మిల్లీగ్రాములే. కలపడానికి ముందే కొన్ని ప్రాంతాల్లో జనం రక్తం పరీక్షించి, కొత్త రోగులను నమోదుచేసే రిజిస్టరు తెరిచారు. కలిపిన తర్వాతా ఏళ్ళ తరబడి అదే పని చేశారు. థైరాయిడ్ మందగించే జబ్బు కొంత పెరిగిందనీ, ప్రతిదేహాలున్నవారు, ముఖ్యంగా చిన్నవయసు స్త్రీలు, పెరిగారనీ, గ్రంథి వాపు తగ్గిందనీ లెక్క తేల్చారు. కార్యక్రమం ఆపలేదు. మోతాదు ఎంతన్నదానిమీద చర్చ నడిపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో కూడా, మూత్రంలో లీటరుకు 300 మైక్రోగ్రాములు దాటితే ఆటోఇమ్యూన్ థైరాయిడ్ వ్యాధి ప్రమాదమని రాసే ఉంది. అంటే ఇది రహస్యం కాదు, కుట్ర కాదు. చెప్పవలసినవారు జనానికి చెప్పని విషయం, అంతే.

మన దేశంలో? 2013లో వెలువడిన ఎనిమిది నగరాల అధ్యయనంలో, హైదరాబాదు కూడా అందులో ఒకటి, 5,376 మంది పెద్దవారిని పరీక్షిస్తే దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉంది. ప్రతిదేహాలు ఉన్నవారు 22 శాతానికి దగ్గర. తీరనగరాల్లో జబ్బు 9.5 శాతం, లోపలి నగరాల్లో 11.7. సముద్రం పక్కన ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుందన్న మాట ఈ లెక్కలో నిలవదు. ఐతే 1998 నిషేధానికి ముందు ఎంత ఉండేదో చూపడానికి డెన్మార్కు రిజిస్టరు వంటిది మనకు లేదు. మరో సంగతి. ముప్పై ఏళ్ళ కిందట గుడివాడలో థైరాయిడ్ రక్తపరీక్ష అంటే విజయవాడకో మద్రాసుకో పోవాలి. ఇప్పుడు వీధి చివర లాబు ఉంది. అప్పుడు రోగం లేదా, రోగానికి పేరు లేదా? పొద్దుట లేవలేని ఇల్లాలిని "బద్ధకం" అన్నారు. జుట్టు రాలి, ఒళ్ళు వచ్చి, మనసు కుంగిపోతే "కోరికలు తీరలేదు" అన్నారు. మన కథల్లో కనిపించే అలసిపోయిన ఆడవాళ్ళలో ఎంతమందికి సంసారం కాక గ్రంథి కూడా కారణమో! స్త్రీల అలసటకు సామాజిక కారణాలు చెప్పిన విమర్శకులం శారీరక కారణం అడగలేదు, శారీరక కారణం చెప్పిన డాక్టరు సామాజిక కారణం అడగనట్టే.

తీరంలో బలంగా వినిపించే వాదన ఒకటుంది. "మా సముద్రపు ఉప్పులో అయొడిన్ సహజంగానే ఉంది, మాకు కలిపింది అక్కర్లేదు" అని. ఈ మాట బందరులో చదువుకున్నవాళ్ళ నోట కూడా విన్నాను. నా అభిమానం ఆ ఉప్పువైపే ఐనా, ఈ మాట తప్పు. సముద్రపు నీళ్ళలో అయొడిన్ చాలా కొద్ది. మడిలో ఉప్పు గడ్డకట్టేటప్పుడు అది ఉప్పులోకి రాదు, మిగిలిన చేదునీళ్ళలో పోతుంది, గాలిలో పోతుంది. మామూలు కళ్ళుప్పులో ఉండేది లెక్కలోకి రానంత. సముద్రపు చేప తినేవారికి కొంత దొరుకుతుంది. పాలలో, గుడ్లలో కొంత దొరుకుతుంది. ఇక డెల్టా నేల సంగతి. వరదలు పదేపదే కడిగే నేలలో అయొడిన్ నిలవదని బంగ్లాదేశ్ వంటి చోట్ల తేలింది. సముద్రం పదిమైళ్ళలో ఉందని దివిసీమ గర్భిణికి అయొడిన్ చాలుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొలవాలి.

పొట్లపు చిరుతిళ్ళలో నూనెనూ నీటినీ కలిపి నిలపడానికి వాడే కొన్ని రసాయనాలు ఎలుకల పేగుల్లో వాపు తెస్తాయని 2015లో అమెరికాలో చూపారు. అటువంటివాటి మీద మనుషుల్లో గట్టి రుజువు రావలసి ఉంది. దానిమీద ఇప్పుడే తీర్పు చెప్పే తొందర మనకు అక్కర్లేదు. పదేళ్ళకు ఎవరో ఒకరు మరో వ్యాసం రాయవలసి వస్తుంది.

చట్టం దగ్గరికి మళ్ళీ వద్దాం. 2000 సెప్టెంబరులో కేంద్రం నిషేధాన్ని ఎత్తేసింది. ప్రజారోగ్యంలో బలవంతం కూడదన్నారు. ఆ నిర్ణయానికి చప్పట్లు కొట్టినవారిలో స్వదేశీ నినాదం వారూ ఉన్నారు, గాంధేయులూ ఉన్నారు, బహుళజాతి కంపెనీలను వ్యతిరేకించే మనవాళ్ళూ ఉన్నారు. అందరూ 1930ని ఎత్తుకున్నారు. వైద్యులు గగ్గోలు పెట్టారు. 2005 నవంబరులో మళ్ళీ ప్రకటించి 2006 మే 17 నుంచి నిషేధం తిరిగి తెచ్చారు. దానిమీద కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2011 జులైలో కోర్టు చెప్పిన మాట భాషతో పనిచేసేవాళ్ళం ముఖ్యంగా వినాలి. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కల్తీని ఆపడానికి పుట్టింది. అందులో చేసిన నిబంధనతో, ఏమీ కలపని ఉప్పును అమ్మకూడదనడం చట్టం ఉద్దేశానికి అతీతమని కోర్టు తేల్చింది. ఏమీ కలపనిదాన్ని కల్తీ చట్టం కింద పట్టుకున్నారన్నమాట! "కల్తీ" అనే మాట అర్థాన్ని తలకిందులు చేశారు. కాని అయొడిన్ అవసరాన్ని కోర్టు కాదనలేదు. నిషేధాన్ని వెంటనే ఎత్తెయ్యలేదు. ఆరునెలలు గడువిచ్చి, ఆలోచించి సరైన చట్టం కింద చెయ్యమంది. అప్పటికే కొత్త ఆహార భద్రతా చట్టం కింద నిబంధనలు సిద్ధమయ్యాయి. నిషేధం వాటిలోకి మారింది, నేటికీ ఉంది.

ఇంత చట్టం ఉన్నా ఉప్పులో ఏముంది? 2018-19లో దేశమంతటా ఇళ్ళలో ఉప్పు తీసి పరీక్షించిన సర్వేలో, కావలసినంత అయొడిన్ ఉన్న ఇళ్ళు దేశం మొత్తంమీద 76.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 63.9. మనకంటే కింద ఉన్నది తమిళనాడు ఒక్కటే. అంటే మన రాష్ట్రంలో మూడిళ్ళలో ఒక ఇంటికిపైగా చట్టం చేరలేదు. ఆ ఇల్లు ఎవరిదో ఊహించడం కష్టం కాదు. సంచిలోంచి కొలిచిచ్చే చవక కళ్ళుప్పు కొనుక్కునే ఇల్లు. పొట్లం ఉప్పుతో పాటు హోటలు తిండి, చిరుతిళ్ళు, ఊరగాయలు దండిగా తినే ఇంట్లో లెక్క ఇంకో రకం. ఒకే చట్టం ఒకే జిల్లాలో ఒకరికి చాలనంతగా, మరొకరికి మించేంతగా పనిచేసే అవకాశం ఉంది. దీనికి కావలసింది నినాదం కాదు, కొలత. దివిసీమలో గర్భిణుల మూత్రంలో అయొడిన్ ఎంత, గుడివాడలో ముప్పై దాటిన స్త్రీల రక్తంలో ప్రతిదేహాలు ఎంత, బందరు కొట్లలో పొట్లానికీ సంచికీ తేడా ఎంత అని కొన్నేళ్ళపాటు వరసగా చూసి, ఆ అంకెల్ని తెలుగులో, తినేవాళ్ళకు తెలిసేలా చెప్పాలి. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మెడికల్ కాలేజీలున్నాయి. డెన్మార్కువంటి చిన్నదేశం చెయ్యగలిగిన పని ఒక జిల్లాకు చెయ్యడం అసాధ్యం కాదు.

ఈమధ్య దివిసీమలో ఒక పెద్ద పల్లెలో కొట్టు దగ్గర కూర్చున్నాను. వేసవి, ఆవకాయల రోజులు. కొట్లో రెండు రకాల ఉప్పు ఉంది. గూట్లో పొట్లాలు, గుమ్మం పక్కన గోనెసంచి. చట్టంలో మినహాయింపులున్నాయి. పశువులకు, వస్తువులు నిలవచెయ్యడానికి, పరిశ్రమలకు అయొడిన్ లేని ఉప్పు అమ్మవచ్చు, ఆ సంగతి సంచిమీద రాయాలి. రేవు దగ్గర ఎండుచేపలకు పట్టించే ఉప్పు ఇదే. ఒకావిడ వచ్చి అయిదు కిలోలు కొలవమంది. పొట్లం ఉప్పు వేస్తే ఊరగాయ నల్లబడుతుందని ఆమె నమ్మకం. కొట్టాయన "తినడానిక్కాదు కదమ్మా" అని అడిగి, నవ్వి, సంచిలో గరిట పెట్టాడు. ఆమె కొంగులోంచి డబ్బులు తీస్తూ, పక్కనున్న మందుల షాపు తెరిచారా అని అడిగింది. కోడలికి థైరాయిడ్ మాత్రలు తీసుకెళ్ళాలట.